కట్టప్ప 'చంపను' అని ఎందుకు అనలేకపోయాడు?

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని వార్డెన్ గారు ఫోన్ చేసినప్పుడు, నేను "విద్యార్థి – లక్ష్యం" అనో "క్రమశిక్షణ" అనో రాస్తానని ఆయన అనుకుని ఉంటారు. ఆ రెండింటి మీదా మన పాత సంచికల్లో కావలసినన్ని వ్యాసాలున్నాయి. ఎనిమిదో తరగతిలో నా పేరుతో కూడా ఒకటి అచ్చయింది. అది నేను రాసింది కాదు, పదో తరగతి అన్న ఒకాయన రాసిస్తే నేను చేతిరాత బాగుందని మెచ్చుకోలు కొట్టేశాను. ఆ బాకీ ఇప్పుడు తీర్చుకుంటున్నాను. ఈసారి రాసేది నా సొంత మాట. విషయం కట్టప్ప.

తమ్ముళ్ళూ, నవ్వకండి. మన హాస్టల్లో ఏడేళ్ళు ఉన్నాను. ఏ పాఠం గురించీ ఏ పరీక్ష గురించీ మేము అంతగా కొట్టుకోలేదు. రెండేళ్ళ పాటు కొట్టుకున్నది ఒక్క ప్రశ్న మీదే. ఆ ప్రశ్న తెలియని తెలుగువాడు ఉండడు కాబట్టి మళ్ళీ చెప్పక్కరలేదు.

'బాహుబలి' మొదటి భాగం 2015 జులై 10న వచ్చింది. అప్పుడు నేను ఏడో తరగతి. బాహుబలిని ఎవరు చంపారని శివుడు అడుగుతాడు, నేనే చంపానంటాడు కట్టప్ప, తెర పడిపోతుంది. రెండో భాగం 2017 ఏప్రిల్ 28న గానీ రాలేదు. అంటే ఇరవై ఒక్క నెలలకు పైగా దేశమంతా ఒక హత్యకు కారణం వెతికింది. ఆ వెతికిన వాళ్ళలో మన హాస్టల్ రెండో డార్మిటరీ కూడా ఉంది.

మాలో థియేటర్లో చూసి వచ్చినవాళ్ళు మొదట్లో అయిదారుగురే. మిగతావాళ్ళకు వాళ్ళే సినిమా. లైట్లు తీసేశాక, ట్రంకు పెట్టెల మీద కూర్చుని, చేతులు కత్తుల్లా తిప్పుతూ చెప్పేవాళ్ళు. తరవాత టీవీలో వేసినప్పుడు భోజనాల హాల్లో అందరం చూశాం. చూశాక గొడవ ఇంకా పెరిగింది, ఎందుకంటే ఇప్పుడు అందరికీ సాక్ష్యం ఉంది.

ఎన్ని సిద్ధాంతాలు పుట్టాయో! రాజమాత శివగామి ఆజ్ఞ ఇచ్చి ఉంటుందని ఒక వర్గం. కాలకేయుల మంత్రమో మందో కట్టప్ప మీద పనిచేసిందని ఇంకో వర్గం. చచ్చింది బాహుబలి కాదు, బాహుబలి వేషంలో ఉన్న వేరేవాడని ఒకడు. బాహుబలే తనను చంపమని అడిగి ఉంటాడని, రాజ్యం కోసం త్యాగం చేసి ఉంటాడని ఒకడు. చంపితే బానిసత్వం నుంచి విడిపిస్తానని భల్లాలదేవుడు ఆశ చూపించాడని ఒకడు. రాజమౌళికి రెండో భాగం తీసుకోవాలి కాబట్టి చంపాడని మా వంటాయన.

మా డార్మిటరీలో ఒక కట్టుబాటు ఉండేది. పెద్దవాళ్ళెవరూ పెట్టింది కాదు, దానంతట అదే వచ్చింది. ఎవడు ఏ కారణం చెప్పినా, "ఏ సీన్లో ఉంది?" అని అడిగేవాళ్ళం. సీను చూపించలేనివాడి మాట చెల్లదు. వాడు ఎంత గట్టిగా అరిచినా, ఎంత పై తరగతి వాడైనా సరే. మంత్రం వర్గం అలాగే ఓడిపోయింది. వేషం సిద్ధాంతం మూడు రోజులు బతికింది. ఇవాళ ఎం.ఏ. సెమినార్లో మా మాస్టారు ఎవరైనా ఏదైనా అంటే "ఆధారం ఏమిటి?" అని అడుగుతారు. నాకు ఆ ప్రశ్న కొత్తగా అనిపించలేదు. సినిమా గురించి వాదించుకోవడం టైము వేస్టని మనల్ని తిట్టేవాళ్ళకు నా జవాబు ఇదే. నేను వాదించడం, వాదనలో ఓడిపోయి మరునాడు మళ్ళీ మాట్లాడటం నేర్చుకున్నది అక్కడే. మా ఇంట్లో నాకంటే ముందు డిగ్రీ చదివినవాళ్ళు లేరు. ఒక విషయం మీద ఇద్దరు చేయి చేసుకోకుండా వాదించుకోవచ్చని నేను మొదట చూసింది ఇంట్లో కాదు, బడిలో కాదు, ఆ డార్మిటరీలో.

మన సీనియర్ అన్నలకు కూడా ఇది కొత్త కాదు. 1997లో దూరదర్శన్‌లో మొదలైన 'శక్తిమాన్' రోజుల్లో వాళ్ళు గంగాధరే శక్తిమాన్ అని గీతా విశ్వాస్‌కి ఎందుకు తెలియడం లేదని వాదించుకునేవాళ్ళట. ప్రతి తరానికీ ఒక ప్రశ్న ఉంటుంది. నా ఫిర్యాదు వాదన మీద కాదు. మా ప్రశ్న మీద.

భల్లాలదేవుడు స్వేచ్ఛ ఆశ చూపించాడన్న సిద్ధాంతం ఎలా ఓడిపోయిందో చెప్తాను. మొదటి భాగంలో అస్లాం ఖాన్ అనే ఆయుధాల వర్తకుడు వస్తాడు. సుదీప్ వేసిన వేషం. కట్టప్ప చేతి పనితనం చూసి ముచ్చటపడి, ఎంత వెల అయినా ఇచ్చి నిన్ను విడిపిస్తానంటాడు. కట్టప్ప ఒప్పుకోడు. తన పూర్వీకులు ఈ సింహాసనానికి కట్టుబడి ఉంటామని మాట ఇచ్చారు, ఆ మాట తనది కూడా అంటాడు. మా క్లాసు కుర్రాడొకడు ఈ సీను లేచి నిలబడి చెప్పాడు. "ఉచితంగా వస్తున్న స్వేచ్ఛే వద్దన్నవాడు, స్వేచ్ఛ కోసం మేనల్లుడి లాంటివాణ్ణి చంపుతాడా?" అన్నాడు. అందరం చప్పట్లు కొట్టాం. ఆ సిద్ధాంతం ఆ రాత్రితో ముగిసింది.

అక్కడ ఆగిపోయాం. అంత మంచి సీను చేతికి దొరికి కూడా, దాన్ని ఒక సిద్ధాంతాన్ని పడగొట్టడానికి వాడుకున్నామే గానీ, ఆ సీను ఏం చెబుతోందని అడగలేదు. ఎవరో తాతలు ఇచ్చిన మాటకు ఈయన ఎందుకు కట్టుబడాలి? ఆ మాట ఇచ్చినప్పుడు కట్టప్ప పుట్టను కూడా లేదు కదా? ఈ ప్రశ్న మాకు రాలేదు. ఎస్సీ పిల్లల హాస్టల్లో, పాలేర్ల ఇళ్ళ నుంచీ కూలీల ఇళ్ళ నుంచీ వచ్చిన వందమంది పిల్లలకు రాలేదు. అందరం కోటలోనే కారణం వెతికాం. రాణి మనసులో, రాజు కుట్రలో, యువరాజు త్యాగంలో వెతికాం. బానిసకు బానిసత్వమే ఒక కారణం కావచ్చని ఎవరికీ తోచలేదు.

రెండో భాగం వచ్చింది ఏప్రిల్ నెలాఖరున. మన నూజివీడు ప్రాంతంలో ఏప్రిల్ నెలాఖరు అంటే ఏమిటో మీకు చెప్పక్కరలేదు. బంగినపల్లి కోతలు జోరుగా ఉంటాయి, వెనకాలే రసాలు. ఎనిమిదో తరగతి పరీక్షలు రాసి నేను ఇంటికి వెళ్ళాను. ఇల్లంటే వేసవిలో మాకు తోటలో పాకే. మా నాన్న ఒక కామందు తోటకు కాపలా. మా తాత కూడా అదే తోటకు కాపలా. మా తాత రోజుల్లో ఆ తోటలో మొక్కలు నాటినప్పుడు నీళ్ళు పోసింది ఆయనేనట. పూత పట్టినప్పటి నుంచి ఆఖరి కలెక్టర్ కాయ దింపేదాకా నాన్న అక్కడే. పగలు కోతులు, రాత్రి దొంగలు, మధ్యలో గాలి దుమారం. కోతల్లో నేను చిక్కం పట్టి కాయలు దింపేవాణ్ణి, రాలుడు కాయలు ఏరేవాణ్ణి. ఆ కూలి డబ్బుతోనే రెండో భాగం చూశాను. విడుదలయిన పది రోజులకు టిక్కెట్టు దొరికింది.

జవాబు మీకందరికీ తెలుసు. మా డార్మిటరీలో రాజమాత వర్గం గెలిచింది. బాహుబలి భల్లాలదేవుణ్ణి చంపించాలని చూస్తున్నాడని నమ్మించి, బిజ్జలదేవుడూ భల్లాలదేవుడూ శివగామిని మోసం చేస్తారు. ఆమె కట్టప్పను చంపమంటుంది. ఆయన ఒప్పుకోడు, బతిమాలతాడు. నువ్వు చంపుతావా, నన్ను చంపమంటావా అంటుంది ఆమె. అప్పుడు చంపుతాడు.

అంటే కట్టప్ప 'చంపను' అన్నాడు. అన్నా ఆ మాట నిలబడలేదు. ఒకే మాట ఇద్దరు అంటే ఒకే బరువు ఉండదు. రాణి 'కాదు' అంటే అది ఆజ్ఞ. బానిస 'కాదు' అంటే అది వేడుకోలు. వేడుకోలును తోసెయ్యడానికి కారణం కూడా చెప్పక్కరలేదు.

థియేటర్లో నేను కూడా ఏడ్చాను. బయటికొచ్చాక మాత్రం ఏదో వెలితి. రెండేళ్ళ ప్రశ్నకు ఇంతేనా అని. ఆ వెలితి ఎందుకో పదిహేను రోజుల తరవాత, తోటలో తెలిసింది.

అక్క పెళ్ళికి నాన్న కామందు దగ్గర నలభై వేలు తీసుకున్నాడు. ప్రతి కాపుకీ కాపలా జీతంలో కొంత పట్టుకునేవాళ్ళు. ఎంత పట్టుకున్నారో, ఎంత మిగిలిందో లెక్క వాళ్ళ పుస్తకంలో ఉండేది. ఆ వేసవిలో కామందు గారు నన్ను చూసి ముచ్చటపడ్డారు. "మీవాడు లెక్కలు బాగా రాస్తున్నాడు. వీణ్ణి ఇక్కడే ఉంచు. కోతలైపోయాక కూడా ఎరువులు, నీళ్ళు, కూలీల లెక్కలు చూసుకుంటాడు. నీ బాకీ కూడా తొందరగా తెగుతుంది" అన్నారు. నాన్న "సరే అయ్యగారూ" అని వచ్చేశాడు. ఆయన చెడ్డవాడేమీ కాదు, ఈ మాట నేను కోపంతో రాయడం లేదు. మా తాత పోయినప్పుడు దినాలకు బియ్యం పంపించిన మనిషి. మా తాతను వాళ్ళ పిల్లలు తాతా అనే పిలిచేవాళ్ళు.

ఆ రాత్రి పాకలో నాన్న విషయం చెప్పాడు. నేను మాట్లాడలేదు. కాసేపయ్యాక, నిద్ర పట్టక, "నువ్వు చూసిన ఆ సినిమా ఏంట్రా, చెప్పు" అన్నాడు. హాస్టల్లో చెప్పినట్టే మొత్తం చెప్పాను. జలపాతం ఎక్కడం దగ్గర నుంచీ కట్టప్ప వెనక నుంచి పొడవడం దాకా. తాతలిచ్చిన మాట సంగతి, అస్లాం ఖాన్ సంగతి కూడా చెప్పాను. నాన్న అంతా విన్నాడు. విని ఒక్కటే అడిగాడు.

"మరి ఆ కట్టప్పకి పిల్లల్లేరా?"

నాకు జవాబు దొరకలేదు. సినిమాలో ఎక్కడా చూపించలేదు. ఇరవై ఒక్క నెలలు అన్ని కోణాల్లో చించి చించి మాట్లాడిన మా వందమందిలో ఒక్కడికీ రాని ప్రశ్న అది. ఒక్క సినిమా కూడా పూర్తిగా చూడని మా నాన్న, కథ ఒక్కసారి విని, దాని ఆయువుపట్టు మీద వేలు పెట్టాడు. పిల్లలుంటే వాళ్ళు కూడా బానిసలే. తాత మాట కట్టప్పను పట్టుకున్నట్టే కట్టప్ప మాట వాళ్ళను పట్టుకుంటుంది. ఇది ఒక మనిషి విశ్వాసం కథ కాదు, ఒక వంశపు బాకీ కథ.

మాట్లాడింది అమ్మ. పడుకుందనుకున్నాం, పడుకోలేదు. "మామ ఇచ్చిన మాటకి నువ్వు ఇక్కడ కాశావు. నువ్విచ్చిన మాటకి వీడెందుకు కాయాలి?" అంది. నాన్న చాలాసేపు ఊరుకున్నాడు. తెల్లారాక వెళ్ళి కామందుతో ఏం చెప్పాడో నాకు ఇప్పటికీ తెలియదు. జూన్‌లో బడి తెరిచిన రోజు నా ట్రంకు పెట్టె తనే నెత్తిన పెట్టుకుని హాస్టల్‌కి తెచ్చి దింపాడు. ఆ బాకీ తీరడానికి తరవాత ఇంకో మూడు కాపులు పట్టాయి. తీరిన రోజున నాన్న ఆ తోట మానేశాడు.

అందుకే నాకు అనిపిస్తుంది, కట్టప్ప ఎందుకు చంపాడన్నది చిన్న ప్రశ్న. దానికంటే పెద్ద ప్రశ్నలు అదే సినిమాలో కళ్ళెదుట ఉన్నాయి. చంపాక కుట్ర బయటపడింది, శివగామి తప్పు చేసిందని ఆమె ముఖం మీదే చెప్పాడు. అయినా ఆ తరవాత పాతికేళ్ళు ఆ కుట్రదారుడి కొలువులోనే ఉన్నాడు. దేవసేనను పాతికేళ్ళు గొలుసులతో కట్టేస్తే చూస్తూ ఉన్నాడు. చాటుగా తప్పిస్తానన్నాడు తప్ప, కత్తి తిప్పడంలో సాటిలేని ఆ మనిషి, సింహాసనం మీదున్నవాడి మీదికి కత్తి ఎత్తలేదు. ఎప్పుడు ఎత్తాడు? మహేంద్ర బాహుబలి కనబడి, ఆయన పాదం తన తల మీద పెట్టుకున్నాక. అంటే ఇంకో యజమాని దొరికాక. ఆఖర్న పట్టాభిషేకం జరిగింది, అందరూ జేజేలు కొట్టారు. కట్టప్ప విడుదలైనట్టు మాత్రం నేను వినలేదు. అమరేంద్రుడు ఆయన్ని నోరారా మామా అని పిలిచాడు. పిలుపు మారింది గానీ బతుకు మారలేదు.

కట్టప్పను అందరం మెచ్చుకునే మాట ఒకటుంది, విశ్వాసం. మన భాషలో ఈ మాట ఎవరెవరికి వాడతామో ఒకసారి ఆలోచించండి. కుక్కకు వాడతాం, పనివాడికి వాడతాం. రాజు మాట నిలబెట్టుకుంటే అది ధర్మం, పాలేరు మాట నిలబెట్టుకుంటే అది విశ్వాసం. ఉప్పు తిన్న ఇల్లు అంటారు. ఆ తోటలో మొక్కకు నీళ్ళు పోసి, కాయకు కాపలా కాసి, గంపకెత్తినవాళ్ళు మా తాతా నాన్నా అయితే, ఎవరి ఉప్పు ఎవరు తిన్నట్టు?

ఈ సంగతి మన తెలుగు సినిమాకే పరిమితం కాదు. పీజీ హాస్టల్‌కి వెళ్ళాక రూమ్మేట్ల లాప్‌టాప్‌లో 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' చూశాను. 2011 నుంచి 2019 దాకా ఎనిమిది సీజన్లు, 73 ఎపిసోడ్లు. ప్రపంచమంతా దాని మీద సిద్ధాంతాలు కట్టింది. అన్నిటికంటే పేరుపడ్డ ప్రశ్న, జాన్ స్నో తల్లి ఎవరు? అక్రమ సంతానమని అందరూ చిన్నచూపు చూసేవాడు నిజానికి రాజవంశం వాడేనని ఆ నవలలు చదివినవాళ్ళు సీరియల్ రాకముందే ఊహించారు, అదే నిజమైంది. మన శివుడి కథ కూడా అదే. కొండ కింద గూడెంలో పెరిగాడు గానీ నెత్తురు రాజుది. ఈ కథలన్నిటిలో కష్టపడినవాడికి చివర దొరికే బహుమానం, వాడు మనవాడు కాదని తేలడం. మామూలు తల్లికి పుట్టి, మామూలుగానే ఉండి, గెలిచినవాడి మీద సిద్ధాంతాలు ఎవరూ కట్టరు. మన అమ్మలు ఎవరో మనకు తెలుసు కదా, మన కథల్లో విప్పడానికి ముడి ఏముంది?

అదే సీరియల్లో హోడార్ అనే పనివాడు ఉన్నాడు. కొండంత మనిషి. నడవలేని ప్రభువుల పిల్లాణ్ణి వీపున మోస్తూ తిరుగుతాడు. నోట్లో ఆ ఒక్క మాట తప్ప ఇంకో మాట రాదు. ఎందుకు రాదని అభిమానులు ఏళ్ళ తరబడి ఊహలు చేశారు. 2016 మే నెలలో వచ్చిన ఎపిసోడ్‌లో జవాబు చెప్పారు. ఎప్పుడో భవిష్యత్తులో ఆ ప్రభువుల బిడ్డను కాపాడటానికి తలుపు పట్టుకుని నిలబడి చావాలి కాబట్టి, చిన్నప్పుడే ఆ పసివాడి బుర్ర ఆ ఒక్క ఆజ్ఞతో చెడిపోయింది. ఆ ఎపిసోడ్ చూసి మా గదిలో అందరూ కళ్ళు తుడుచుకున్నారు, ఎంత త్యాగమో అన్నారు. నాకు మాత్రం మా పాక గుర్తొచ్చింది. వాణ్ణి ఎవరూ అడగలేదు కదా. అడగకుండా తీసుకున్నదాన్ని త్యాగం అంటారా?

ఇక్కడ కొందరు నన్ను ఆపుతారని తెలుసు. మాట తప్పమంటావా, రేపు మన పిల్లలకు ఇదేనా నేర్పేది అంటారు. మాట నిలబెట్టుకోవడం గొప్ప గుణమే. నేను అడిగేది రెండే. ఆ మాట నువ్వు ఇచ్చావా? ఇచ్చేటప్పుడు ఇవ్వను అనే వీలు నీకు ఉందా? ఈ రెండూ లేని మాట, మాట కాదు, సంకెల.

దీనికి మనకు సినిమా ఉదాహరణే అక్కరలేదు. మన హాస్టల్ గోడ మీద ఫోటోలో ఉన్న మనిషే ఉన్నాడు. 1913లో బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో అంబేద్కర్ న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. చదువయ్యాక పదేళ్ళు బరోడా సంస్థానంలో పనిచేస్తానని ఒప్పందం మీద సంతకం పెట్టారు. 1917లో తిరిగొచ్చి, అన్న మాట ప్రకారం బరోడా వెళ్ళారు. అంత చదువు చదివిన మనిషికి ఆ ఊళ్ళో ఉండటానికి ఒక గది ఇచ్చినవాళ్ళు లేరు. పారశీకుల సత్రంలో పేరు మార్చుకుని ఉంటే, కర్రలు పట్టుకుని వచ్చి వెళ్ళగొట్టారు. ఆయన బరోడా వదిలి బొంబాయి వెళ్ళిపోయారు. పదేళ్ళ మాట పదేళ్ళు నిలవలేదు. మరి ఆయన్ని మాట తప్పినవాడంటామా? మాట నిలబెట్టుకోవాలంటే మనిషిగా నిలబడటానికి చోటు ఉండాలి. ఆ చోటు ఇవ్వనివాళ్ళకు మాట అడిగే హక్కు ఎక్కడిది?

ఆయన ముసాయిదా సంఘానికి అధ్యక్షుడుగా ఉండి తయారైన రాజ్యాంగంలో 23వ అధికరణం వెట్టిచాకిరీని నిషేధించింది. 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చింది. దాని ప్రకారం వెట్టికి కారణమైన అప్పు రద్దయినట్టే, తీర్చనక్కరలేదు. తాత చేసిన అప్పుకు మనవడు చాకిరీ చెయ్యాలన్న ఆచారం కూడా చెల్లదు. మా నాన్నది వెట్టి అని ఏ కాగితం మీదా లేదు, ఆయన కూడా ఆ మాట ఒప్పుకోడు. కానీ ఇలాంటి చట్టం ఒకటి ఉందని మా పాకలో ఎవరికీ తెలియదు. నాకు కూడా డిగ్రీలో గానీ తెలియలేదు. కట్టప్ప పూర్వీకుల మాట సంగతి మాత్రం ఏడో తరగతిలోనే కంఠతా వచ్చు.

సినిమాను సినిమాగా చూడు, ఇంత లోతుకు ఎందుకు అనేవాళ్ళకు ఒక సంగతి. 2015లోనే ఈ సినిమా తమిళ సంభాషణల్లో అరుంధతీయులను కించపరిచే మాట ఉందని తమిళనాడులో నిరసన వచ్చింది. సంభాషణలు రాసిన మదన్ కార్కి విచారం తెలిపారు. అరుంధతీయుల్లో ఎంతోమంది ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళే. మాహిష్మతి ఊహే అయినా, తిట్టు ఊహ కాదు కదా. ఆ కథకు ముందు కథగా 2017లో ఆనంద్ నీలకంఠన్ రాసిన ఇంగ్లీషు నవలలో కట్టప్పకు శివప్ప అనే తమ్ముణ్ణి పెట్టారు. అన్న బానిసత్వాన్ని ధర్మమనుకుంటే తమ్ముడు దాన్ని ఒప్పుకోడు. అంటే ఆ ప్రశ్న ఆ లోకంలోనే ఉంది, కథలు రాసేవాళ్ళకే తోచింది. మేమే అడగలేదు.

2025 అక్టోబర్ 31న రెండు భాగాలూ కలిపి ఒకే సినిమాగా మళ్ళీ విడుదల చేశారు. ఆ తరవాత ఒకసారి సర్టిఫికెట్ పని మీద మన హాస్టల్‌కి వచ్చాను. డార్మిటరీలో ఎనిమిదో తరగతి తమ్ముళ్ళు నలుగురు కట్టప్ప మీదే వాదించుకుంటున్నారు. వాళ్ళకు జవాబు ముందే తెలుసు, ఉత్కంఠ ఏమీ లేదు. అయినా వాదన ఆగలేదు. "చంపడం తప్పా, రైటా?" అంటున్నారు. నాకు చాలా సంతోషం వేసింది. మా కంటే మీరు ఒక మెట్టు పైనే ఉన్నారు తమ్ముళ్ళూ. మేము కారణం దగ్గరే ఆగిపోయాం, మీరు న్యాయం దాకా వచ్చారు. ఇంకొక్క మెట్టు ఎక్కండి. ఆ కత్తి ఆయన చేతిలో ఎవరు పెట్టారు, ఎన్ని తరాల ముందు పెట్టారు అని అడగండి. "ఏ సీన్లో ఉంది?" అన్న కట్టుబాటు మాత్రం వదలొద్దు.

ఆ తరవాత మీ ఇంటి కథ కూడా అదే పద్ధతిలో చూడండి. ఈ వేసవి సెలవుల్లో మీలో చాలామంది తోటల్లోకే వెళ్తారు. మీ నాన్న ఎవరికైనా మీ పేరు మీద మాట ఇచ్చి ఉంటే, ఎంత అప్పు, ఎంత తీరింది, లెక్క ఎవరి పుస్తకంలో ఉందో అడగండి. కోపంగా అడగొద్దు. నాన్నల మీద కోపం తెచ్చుకునేంత సుఖం వాళ్ళు ఎప్పుడూ పడలేదు. జూన్‌లో బడి తెరిచేనాటికి మాత్రం పెట్టె సర్దుకుని ఇక్కడ ఉండండి. రాలేని పరిస్థితి వస్తే వార్డెన్ గారికి గానీ సీనియర్లలో ఎవరికైనా గానీ కబురు చెయ్యండి. మా చెల్లెళ్ళ హాస్టల్ వాళ్ళకూ ఇదే మాట. వాళ్ళ విషయంలో పెళ్ళి పేరుతో ఇచ్చే మాటలు ఇంకా తొందరగా వస్తాయి.

పాత విద్యార్థులైన అన్నలకూ ఒక విన్నపం. మీలో ఉద్యోగాలు చేస్తున్నవాళ్ళున్నారు, ఇళ్ళు కట్టినవాళ్ళున్నారు, ఒకరిద్దరు తోటలు కూడా కొన్నారని విన్నాను, సంతోషం. మీ ఇంట్లోనో తోటలోనో పనిచేసేవాళ్ళకు అడ్వాన్సు ఇచ్చినప్పుడు, లెక్క రాసిన పుస్తకం వాళ్ళకూ ఒకటి ఇవ్వండి. వాళ్ళ పిల్లాడు చురుగ్గా ఉన్నాడనిపిస్తే వాణ్ణి పనికి అడగొద్దు, ఏ క్లాసు చదువుతున్నాడో అడగండి. మనం కోట బయట పుట్టిన సంగతి, కోటలోకి వెళ్ళాక మరిచిపోవడం చాలా సులువు.

మా నాన్న ఇప్పుడు కోతల సీజన్లో రోజు కూలికి వెళ్తాడు, మిగతా రోజుల్లో ఇంటి దగ్గరే రెండు గేదెలు చూసుకుంటాడు. మొన్న సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు టీవీలో బాహుబలి వస్తోంది. మొదటిసారి కూర్చుని మొత్తం చూశాడు. కట్టప్ప పొడిచే సీనుకు నేను ఆయన ముఖం వైపు చూశాను. నాన్న ఏమీ అనలేదు. సినిమా అయిపోయాక లేచి గేదెలకు మేత వెయ్యడానికి వెళ్తూ, గుమ్మం దగ్గర ఆగి, "చివరిదాకా చూశాను, ఆ ముసలాణ్ణి ఇంటికి పొమ్మని ఎవరూ అన్లేదేంట్రా" అన్నాడు.